దిగడం రాని లైన్‌మన్

జగిత్యాల ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు అయిపోయిన రోజు, సార్ ఒక్కొక్కరినే లేపి తర్వాత ఏం చేస్తారని అడిగారు. మగపిల్లలు దుబాయ్ అన్నారు, మోటర్ల షాపు అన్నారు. నేను గొంతు సవరించుకుని, డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరతానని, ఆ తర్వాత ఇంజనీరింగ్ చేసి పెద్ద ఆఫీసర్‌నవుతానని చెప్పాను. సార్ చప్పట్లు కొట్టించారు. ఆ ప్లానులో నాకు దక్కింది ఆ చప్పట్లే.

డిప్లొమా ఎంట్రన్సులో లెక్కల దగ్గరే బోల్తాపడ్డాను. కోరుట్లలో మోటర్లు బాగుచేసే షాపులో చేరాను. రాగి తీగ చుట్టడం నాకు బాగానే వచ్చు. కానీ వచ్చినవాళ్లంతా "సేటు లేడా బిడ్డా?" అని అడిగేవారు. "నేనే చేస్త" అంటే, దించిన మోటరును మళ్లీ ఆటోలోకి ఎక్కించేవారు. చివరికి సేటు నాకో కుర్చీ వేసి, ఫోన్లు ఎత్తమన్నాడు.

అప్పుడే లైన్‌మన్ పోస్టులు పడ్డాయి. రాత పరీక్ష ఎట్లాగో గట్టెక్కాను. ఇక మిగిలింది స్తంభం ఎక్కడం. చిక్కల్లా ఒకటే, నాకు ఎత్తంటే భయం. మా ఇంట్లో సజ్జ మీది డబ్బా కూడా అమ్మే దించాలి.

సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసే మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "స్తంభాలెక్కుడు నీతోని ఏడైతదే? ఈడికి రా, నీడపట్టున కూసోని మిషిన్ కుట్టుకో."

అది చెడ్డ పనేం కాదు. కానీ నేను చదివింది కరెంటు, నాకు ఆ పనే కావాలి. స్తంభం ఎక్కలేకపోతే మాత్రం సిరిసిల్ల బస్సెక్కాలని అమ్మా నేనూ ఒప్పుకున్నాం.

పెగడపల్లి దగ్గర మా ఊరి పొలాల అంచున, తీగల్లేని పాత సిమెంటు స్తంభం ఒకటుంది. రోజూ సాయంత్రం దాని మీదే నా విన్యాసాలు. పొలాల్లో కైకిలి పని చేసి వచ్చిన అమ్మ, కాళ్లయినా కడుక్కోకుండా, కింద కొంగు చాపి నిలబడేది. నేను పడితే పట్టుకుంటుందట.

"నేనేమన్న మామిడికాయనా అమ్మా?" అనేదాన్ని.

"నువ్వైతె ఎక్కు, నేనున్న గద" అనేది.

అటుగా పోయే ఒక తాత రోజూ తల పైకెత్తి, "బిడ్డా, నా మోటర్ నడుస్తలేదు, జర గా ఫ్యూజు సూడరాదు" అనేవాడు. తీగలే లేని స్తంభాన్ని ఉడుములా కరుచుకుని, "రేపు సూస్త తాతా" అని మాటిచ్చేదాన్ని. అప్పటికి నాకు ఎక్కడం వచ్చేసింది. దిగడమే, మోచేతులు గీరుకుంటూ జారిపడటంలా ఉండేది.

స్తంభం ఎక్కే పరీక్ష రోజు అమ్మను మైదానం గేటు బయటే ఆపేశారు. పైనున్న ఇనుప పట్టీ ముట్టుకుని, చెప్పిన టైములోగా దిగితేనే పాస్. గబగబా ఎక్కాను, పట్టీ ముట్టుకున్నాను. గొప్పగా కిందికి చూశాను. అంతే, కాళ్లు నా మాట వినడం మానేశాయి.

"దిగమ్మా, టైమైపోతున్నది!" అని పరీక్ష పెట్టే సార్ అరిచారు.

"దిగుతున్న సార్" అంటూ స్తంభాన్ని ఇంకా గట్టిగా కౌగిలించుకున్నాను. సిరిసిల్ల బస్సు కళ్ల ముందు మెదిలింది. ఏడుపొచ్చేసింది.

కిందికి చూడలేక గోడ అవతలికి చూశాను. గేటు బయట, జనం మధ్యలో, అంత దూరాన అమ్మ కొంగు చాపి నిలబడి ఉంది. నాకూ ఆ కొంగుకూ మధ్య సగం మైదానం ఉంది, గోడ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. ఆ పిచ్చితల్లిని చూసి నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ ఒక్కో కాలే కిందికి దించాను. టైములోగానే నేల తగిలింది.

ఇప్పుడు మా మండలంలోనే డ్యూటీ. తాత ఫ్యూజు వేసింది నేనే. స్తంభం ఎక్కేటప్పుడు ఏ బెదురూ లేదు. దిగేముందు మాత్రం ఒకసారి కిందికి చూసుకుంటాను, కొంగుందేమోనని.