గుర్రానికి నీళ్లు

నా చిన్నప్పుడు, పక్షవాతంతో మంచం పట్టిన మా తాతయ్యకు నవల చదివి వినిపించడం నా పని. పాలకొల్లులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి నాన్న తెచ్చిన జానపద నవల అది. అందులో ఒక గొర్రెల కాపరి, మాయల కోటలో చిక్కిన రాజకుమారిని విడిపించడానికి బయల్దేరతాడు. ఎన్ని పోరాటాలు గెలిచినా, ఎవరైనా వీరుడంటే తల దించుకుంటాడు. ఆగిన ప్రతిచోటా ముందు గుర్రానికి నీళ్లు పెట్టాకే తాను దోసిలి పడతాడు. తాతయ్యకు ఆ ఘట్టాలంటే ఇష్టం. ఎడ్లకు కుడితి పెట్టనిదే ఏనాడూ కంచం ముందు కూర్చోని రైతాయన. మంచం పట్టాక మాత్రం తనకంటూ ఏదీ అడిగేవారు కాదు.

నాకు కత్తియుద్ధాలే కావాలి. మిగతా పేజీలు చప్పుడు కాకుండా తిప్పేసేవాణ్ణి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అమ్మానాన్నలు పెనుగొండలో పెళ్లికి వెళుతూ తాతయ్యను నాకు అప్పగించారు. కాలవగట్టున మావాళ్లు క్రికెట్ మొదలెట్టేశారు. వీరుడు గుర్రాన్ని చెట్టుకు కట్టిన చోటు నుంచి నేను ఏకంగా రాక్షసుడి మీదకు దూకేశాను.

"గుర్రానికి నీళ్లెట్టాడేంట్రా?" అన్నారు తాతయ్య, ముద్దముద్దగా.

"పెట్టాడు తాతయ్యా."

"నువ్వు సదవలేదుగా."

"చదివాను. నువ్వే కునుకు తీశావు."

ఆయన కిటికీ వైపు చూశారు. "సరేలే నాన్నా, ఆడుకో పో."

పొద్దు వాలాక తిరిగొచ్చాను. నీళ్ల చెంబు కిటికీలో, అమ్మ పెట్టిన చోటే నిండుగా ఉంది. తాతయ్య పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దుప్పటి సగం కిందకు జారింది. ఆ చెంబు అందుకోవాలని ఎంతసేపు పెనుగులాడారో. ఆయన అడిగింది గుర్రం కోసం కాదని అప్పుడు తెలిసింది.

తల ఎత్తి పట్టుకుని తాగించాను. సగం నీళ్లు వంకరపోయిన పెదవి పక్క నుంచి మెడ మీదకు కారాయి. తుడుస్తూ ఏడ్చాను. ఆయన మంచి చేత్తో నా తల తడిమి, "ఇప్పుడు సదువు. సెట్టుకి కట్టాడుగా, అక్కణ్ణుంచి" అన్నారు.

అమ్మకు ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నవల పూర్తి కాకముందే ఆయనకు మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి గుర్రం సంగతి అడగడానికైనా మాట మిగల్లేదు. నేను చెంబు పట్టుకుని పక్కనే కూర్చునేవాణ్ణి. చెంచాతో పోసినా నీళ్లు గొంతు దిగేవి కావు.

ఆ రాజకుమారి విడుదలైందో లేదో నాకు తెలియదు. పుస్తకం మళ్లీ తెరవలేదు. ఇప్పటికీ ఎవరి మంచం దగ్గరికి వెళ్లినా, ఎలా ఉన్నారని అడిగే ముందు నీళ్లెక్కడున్నాయో చూస్తాను. చెయ్యి అందే చోటికి జరిపాకే కూర్చుంటాను.