పద్యానికి రెండు వేల వాట్లు

కారుకు సబ్ వూఫర్ ఎంచుకోవడానికి హిందూపురంలో ఒక పద్ధతి ఉంది. పెట్టె మీద నీళ్ల గ్లాసు పెట్టి పాట వేస్తారు. నీళ్లు తొణికి కింద పడితే సరుకు మంచిదన్నమాట. పాట ఎలా వినపడుతోందని అడిగే పిచ్చివాడు ఆ దుకాణాల వీధిలో ఎవడూ లేడు.

నాకు నీళ్లు తొణకనక్కర్లేదు. మా నాయనకు పద్యం వినపడాలి, అంతే. ధర్మవరంలో ముప్పై ఏళ్లు మరమగ్గాల హోరులో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన. వయసులో ఉండగా నాటకం ఉందంటే ముదిగుబ్బ దాకా సైకిల్ తొక్కేవాడు. నచ్చిన పద్యాన్ని వన్స్ మోర్ అని అరిచి మళ్లీ పాడించుకునేవాడు. ఇప్పుడు టీవీలో బొమ్మలు చూసి సరిపెట్టుకుంటున్నాడు. నెలకోసారి అక్కను చూడటానికి ధర్మవరం పోతాం. ఆ దారిలోనైనా నాలుగు పద్యాలు ఆయన చెవిన పడాలని నా ఆశ. కారులో పద్యాలు పెడుతూనే ఉన్నా, ఆయనకు వినపడుతున్నట్టు నాకు తోచేది కాదు.

సలహాకు మా బావమరిది తయారు. వాడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో సీట్లకు బోల్టులు బిగిస్తాడు. కాబట్టి కారులో ఉండే సమస్త శాస్త్రాలూ తనకు తెలుసని వాడి నమ్మకం.

"మామకు చెవుడు గదా బావా, చిన్న సౌండు చెవికి యాడ ఆనుతాది? సబ్ వూఫరే ఏయించు," అన్నాడు.

దుకాణదారు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. ఆంప్లిఫయర్ అట్టపెట్టె మీది అంకె చూపించాడు. రెండు వేల వాట్లు. ఆ అంకె రెప్పపాటు సేపటి లెక్క అనీ, నిలకడగా వచ్చేది అందులో ఏ మూలకూ చాలదనీ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నోరు తెరుచుకుని చూశాను.

"దీంట్లో పద్యాలు బాగా వినపడతాయా?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పద్యాలా? నంబరు ప్లేటు అదురుతాది సార్, చాలదా?"

నేనూ తలూపాను. సబ్ వూఫర్ మోగించేది డప్పు, మద్దెల లాంటి అడుగు శబ్దాలనే. పాడేవాడి గొంతు దాని పని కాదు. ఈపాటి సంగతి బావమరిదికి తెలియదు, దుకాణదారుకు అక్కర్లేదు, చదువుకున్న గాడిదనైన నాకు తట్టలేదు.

ఆ నెల నాయనను మర్యాదగా ముందు సీట్లో కూర్చోబెట్టి పద్యాలు పెట్టాను. హార్మోనియం ఎక్కడో నూతిలో ఉంది. తబలా మాత్రం నా వీపు మీదే వాయిస్తున్నట్టుంది. నాయన రొమ్ము మీద చెయ్యి వేసుకుని పెనుకొండ దాకా ఓర్చుకున్నాడు. అక్కడ బండి ఆపమన్నాడు. దిగి వెనక తలుపు తీసి చూశాడు.

"ఈడ సీటు ఎనకాల రెండు స్పీకర్లు ఉండె గదరా, యాడ పోయినాయి?"

"పెట్టె పట్టల్లేదని పీకేసినారు నాయనా," అన్నాను గట్టిగా.

"అయ్యో," అన్నాడు. "వాటికి తల ఆనిచ్చి కూచుంటే గొంతు బాగా ఇనపడతాండె."

ఆయన ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవాడు. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేవాడు. కొడుకును డ్రైవర్ని చేశాడని అక్క నవ్వేది. పెద్దాయన నిద్రపోతున్నాడు కదా అని పద్యం సగంలో ఉండగానే నేను ఆపేసేవాణ్ణి, ప్రతిసారీ.

దుకాణానికి ఫోన్ చేశాను. ఆ పాత సామాను ఎవరో ఆటో అతను పట్టుకుపోయాడట.

"నేను ఆపేసినప్పుడన్నా ఒక మాట చెప్పొచ్చు గదా నాయనా," అన్నాను. కోపం ఆయన మీద కాదు, అయినా అరిచినట్టే వచ్చింది.

నాయన వెనక సీట్లో ఎక్కి, ఆ పెట్టెకు తల తగలకుండా ముందుకు వంగి కూర్చున్నాడు.

"నీకు విసుగు పుట్టి ఆపుతాండావేమో అనుకుంటినప్పా," అన్నాడు.