ఒక్కవేటు మామగారు

ఒక్కవేటు మామగారికి ఒకటే పిచ్చి. బల్ల మీద పట్టేంత మిల్లింగ్ మెషినుకు బల్లంత కట్టరు బిగించడం. బల్లంత అనడం కాస్త అతిశయోక్తే. ఆయన భార్యనడిగితే మాత్రం అది తక్కువ చేసి చెప్పినట్టేనంటుంది.

మిల్లింగ్ మెషిను అంటే మరేమీ కాదు. గిర్రున తిరిగే పళ్ళ కట్టరు కింద లోహపు ముక్కను నెమ్మదిగా జరుపుతూ పోతే, అది పైపొర చెక్కేసి ముక్కను చదును చేస్తుంది. ఫ్యాక్టరీల్లో ఈ మెషిను గదంత ఉంటుంది. సరదాకి ఇంట్లో పెట్టుకునేది కుట్టుమిషనుకు తమ్ముడిలా ఉంటుంది. దానికి చిటికెన వేలంత కట్టరు పెట్టి, కొంచెం కొంచెంగా గీక్కుంటూ పోవాలని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. మామగారు ఆ పుస్తకాన్ని మెషిను కింద ఎత్తు కోసం పెట్టారు.

ఆయన బిగించే కట్టరు టీ సాసరంత. చుట్టూ పళ్ళు. "చిన్నదానితో పదిసార్లు గీకితే పది గీతలు పడతాయి. పెద్దదైతే ఒక్క వేటు! ఒక్క వేటులో అయిపోవాలి!" అనేవారు. వీధిలో ఆయనకు ఆ పేరే స్థిరపడింది. ఆ ఒక్క వేటుకు సాయంత్రమంతా పట్టేదనీ, మధ్యలో రెండు బెల్టులు తెగేవనీ ఎవరైనా గుర్తు చేస్తే, "వేటు ఒకటేనా, కాదా? అది చెప్పు ముందు" అని నిలదీసేవారు.

అల్లుడిది బీమా కంపెనీలో ఉద్యోగం. ఏ వస్తువు ఎప్పుడు ఎలా విరుగుతుందో ముందే ఊహించి భయపడటం అతని పని. అందుకు జీతం కూడా ఇస్తారు. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తవారింట్లో టీ తాగబోతుంటే కప్పు తనంతట తానే బల్ల అంచుదాకా నడిచింది. గోడ మీది ఫొటోలు పక్కకు ఒరిగాయి. అల్లుడు ఒక్క గెంతులో గుమ్మం దాటాడు.

"భూకంపం అత్తయ్యా! బయటికొచ్చేయండి!"

"భూకంపం కాదు బాబూ, మీ మామయ్య" అంది అత్తగారు, ఒక చేత్తో కప్పునీ ఇంకో చేత్తో అలమరలోని గాజుగ్లాసుల్నీ ఆపుతూ. "వచ్చి కూర్చో. మొదటి పన్ను దిగినప్పుడే ఇలా ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది."

"దేనికి, మెషినుకా?"

"మనకి."

అల్లుడు ధైర్యం కూడగట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి చూశాడు. మెషిను జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. దాని కింది బల్ల ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు వైపు వస్తోంది. మామగారు బల్లను కడుపుతో వెనక్కి నెడుతూ, చేత్తో చక్రం తిప్పుతూ, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నారు.

"ఏం చేస్తున్నారు మామయ్యా?" అని అరిచాడు అల్లుడు.

"చదును చేస్తున్నా!"

"దేన్ని?"

"దీన్ని!"

"ఇది దేనికి?"

మామగారు మెషిను ఆపి, అల్లుడి వైపు జాలిగా చూశారు. "చదునుగా ఉండటానికి."

అలా చదునైన అల్యూమినియం దిమ్మలు ఆ ఇంట్లో కుప్పలు. ప్రతి తలుపుకీ రెండేసి అడ్డు. మంచం కాళ్ళ కింద నాలుగు. బంధువుల ఇళ్ళల్లో శుభకార్యమైతే ఒక్కవేటు మామగారి కానుక ఏమిటో విప్పకుండానే తెలిసిపోయేది, ఎందుకంటే సంచీ మోసుకొచ్చినవాడి భుజం వంగిపోయి ఉండేది.

పై వాటాలో ఉండే సంగీతం టీచరు ఒకసారి దిగివచ్చింది. అందరూ గొడవే అనుకున్నారు.

"మీ మెషిను వల్ల నాకు చాలా ఇబ్బందిగా ఉందండీ" అందామె.

"ఆపెయ్యమంటారా అమ్మా?"

"ఆపొద్దు. పిల్లలు దాన్నే శ్రుతి అనుకుని పాడుతున్నారు. మధ్యలో బెల్టు తెగితే అందరి గొంతులూ ఒక్కసారి కింద పడుతున్నాయి. పాట అయ్యేదాకా తెగకుండా చూడండి, చాలు."

అన్నిటికన్నా పెద్ద వింత ఇంకోటుంది. మామగారు ఏమీ తెలియని మనిషి కాదు. ఉద్యోగమంతా ఫ్యాక్టరీలో గదంత మిల్లింగ్ మెషిను దగ్గరే చేశారు. ఏ మెషినుకు ఏ కట్టరు పెట్టాలో ఆయన చెబితే ఇంజనీర్లు రాసుకునేవాళ్ళట. అలాంటి మనిషి రిటైరయ్యాక పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తూ కూర్చున్నారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని అత్తగారు రోజుకోసారైనా అనేది. వారం తిరిగేసరికి కట్టరు పళ్ళు మొద్దుబారిపోయేవి. దాన్ని గుడ్డలో చుట్టి, కోడిపెట్టలా చంకలో పెట్టుకుని, సాన మేస్త్రి దగ్గరికి పదును పెట్టించడానికి బయల్దేరేవారు. వచ్చేటప్పుడు ఆయన ముఖం కట్టరుకన్నా ఎక్కువ మెరిసేది.

చివరికి అల్లుడు భయపడినంతా అయింది. ఒక సాయంత్రం ఆ సాసరంత కట్టరు దిమ్మలో ఇరుక్కుపోయింది. కట్టరు ఆగింది గానీ మోటారు ఆగలేదు. కాసేపు మూలిగి, గుప్పున పొగ వదిలి, ప్రాణం విడిచింది. పైన పిల్లలు కూడా పాట ఆపేశారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పేసింది. "కొత్త మోటారు కావాలంటే ఆ రాక్షసి కట్టర్లు ఇంట్లోంచి కదలాలి. అవి ఉంటే మోటారు ఉండదు. నా మాట ఇంతే."

మామగారు మెషిను ముందు స్టూలేసుకుని కూర్చున్నారు. రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. చూసి తట్టుకోలేక అల్లుడు మధ్యే మార్గంగా చిన్న కట్టర్ల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. తళతళలాడే కట్టర్లు, చివర బిగించుకునే పళ్ళు.

మామగారు ఒకటి తీసి వెలుగులో చూశారు. "పళ్ళు కుట్టుకోవడానికి బాగున్నాయి. ఇవి మొద్దుబారితే ఏం చేస్తారు?"

"అదే కదా మామయ్యా సుఖం! పన్ను తీసి పారేసి కొత్తది పెట్టుకోవడమే."

"పదును పెట్టించక్కర్లేదా?"

"జన్మలో అక్కర్లేదు."

ఆయన ముఖం వాడిపోయింది. కట్టరును పెట్టెలో పెట్టి మూత వేశారు. "మంచివేరా అల్లుడూ. చాలా మంచివి" అని లేచి వెళ్ళి పడుకున్నారు. ఎప్పుడూ లేనిది, ఆయన అరవకుండా ఒప్పుకోవడం అల్లుడికి వింతగా తోచింది. అత్తగారు మాత్రం ఇదే అదననుకుని, ఆయన నిద్ర లేచేలోపు పెద్ద కట్టర్లన్నీ సంచీలో వేసి అల్లుడి చేతికిచ్చింది. "ఆ సాన మేస్త్రికే ఇచ్చేసిరా. ఏదో ధరకి ఎవరికైనా అమ్ముకుంటాడు."

సాన మేస్త్రిది ఒక ఇరుకు గది. మధ్యలో తిరిగే సానరాయి, పక్కన కళ్ళద్దాలు ముక్కు మీదకి జారిన ముసలాయన. గోడ పొడుగునా కట్టర్లు తగిలించే మేకులున్నాయి. అన్నీ ఖాళీయే. ఒక్క మేకుకు మాత్రం టీ సాసరంత కట్టరు వేలాడుతోంది. అది ఎవరిదో అల్లుడు అడగక్కర్లేకపోయింది.

సంచీ చూడగానే మేస్త్రి సానరాయి ఆపేశాడు. "ఆయన రాలేదేం? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నారండీ. మోటారు కాలిపోయింది."

"కాలదా మరి! అంత పొట్టి మెషినుకి ఇంత కట్టరా? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఫ్యాక్టరీలో పులిలా పనిచేసినోడు, ముసలితనంలో ఇలా చేతకానివాడైపోయాడు" అంటూ మేస్త్రి ఒక కట్టరు తీసుకుని పళ్ళ మీద బొటనవేలు నడిపాడు. "చూడు, ఎలా మొద్దుబార్చాడో. పగవాడు కూడా ఇలా చెయ్యడు."

"మీకు పనులెక్కువగా ఉంటాయా?" అల్లుడు ఖాళీ మేకుల వైపు చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఎక్కడయ్యా! ఇప్పుడంతా వాడి పారేసే పళ్ళే కదా. పాతికమంది వచ్చే షాపు. ఇప్పుడు మీ మామగారొక్కడే. మొదట్లో ఓసారి ఏం చేశాడో తెలుసా? కొత్త కట్టరు తెచ్చి పదును పెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అవసరం లేని పనికి డబ్బు తీసుకోవడానికి నేను బిచ్చమెత్తుకుంటున్నానా? 'మొద్దుబార్చి తీసుకురా పో' అని తిప్పి పంపేశా. అప్పట్నించీ బుద్ధిగా మొద్దుబార్చే తెస్తున్నాడు."

వీధంతా నవ్వుకున్న ఆ పిచ్చి, ఆ తెగిన బెల్టులు, నడిచే బల్ల, వాటన్నిటి అర్థం అల్లుడికి అప్పుడు తెలిసింది. మామగారి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మేస్త్రి చెప్పుకుపోతూనే ఉన్నాడు. "మా అమ్మాయి ఎప్పట్నించో రమ్మంటోంది, షాపు మూసేసి హాయిగా ఉండమంటోంది. ఎలా వెళ్ళను? నేను పోతే ఈ మొండి మనిషి కట్టర్లు ఎవరు చూస్తారు? ఆయన కోసమేనయ్యా ఈ తలుపు తీసుంచుతున్నాను. ఈ మాట ఆయనతో అనకు, నొచ్చుకుంటాడు. ఇంతకీ సంచీ ఎందుకు తెచ్చావు?"

అల్లుడు సంచీని ఆయన ముందుకు జరిపాడు. "పదును పెట్టించుకుందామనండీ. అన్నిటికీ."

అన్నీ పదును పెట్టించుకుని అతను ఇంటికొచ్చేసరికి మామగారు వీధి గుమ్మంలోనే ఉన్నారు. సంచీ బరువు తగ్గలేదని దూరం నుంచే పసిగట్టినట్టున్నారు, చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"ఏమన్నాడు వాడు?"

"మీకు పని చేతకాదన్నాడు మామయ్యా. ముసలితనంలో చెడిపోయారట."

మామగారు గుండెల మీద చెయ్యేసుకుని, ఎంతో తృప్తిగా నవ్వారు. "హమ్మయ్య. కనిపెట్టలేదన్నమాట."

"ఊరికే డబ్బు ఇస్తే పోయేదిగా మామయ్యా, ఇంత గోల ఎందుకు?"

"ఊరికే ఇచ్చి చూడు, సానరాయి పెకలించి తరుముతాడు. నేను చిన్న కట్టరు పెట్టిన రోజున వాడు షాపు మూసుకుంటాడురా. పని లేకపోతే వాడు మనిషి కాడు."

మేస్త్రిని వాళ్ళ అమ్మాయి రమ్మంటోందన్న సంగతి అల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరిని ఒకరు కాపాడుకుంటూ ఇంత సంతోషంగా ఉంటే మధ్యలో తానెవడు? ఆ మాట మింగేశాడు. బీమా ఉద్యోగంలో చేరాక తెలిసి తెలిసి నష్టాన్ని ఆపకుండా వదిలేయడం అతనికి అదే మొదలు.

అత్తగారికి మాత్రం సగం చెప్పాడు, మామగారి వైపు సగం. ఆవిడ విసురుగా లేచి, "చెప్పి చావొచ్చుగా ఈయన! ఈసారి కాస్త పెద్ద మోటారే చూడు బాబూ" అని, కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

కొత్త మోటారు బిగించిన రోజున అల్లుడు భుజం వంచుకుంటూ ఒక మూట మోసుకొచ్చి మెషిను పక్కన దించాడు. విప్పి చూస్తే నల్లటి ముతక దిమ్మ.

"ఏంటిది?" అన్నారు మామగారు.

"పోత ఇనుము. అల్యూమినియం మీద అయితే మొద్దుబారడానికి వారం పడుతోంది కదా. దీని పైపొర రాయిలా ఉంటుందట. వారానికి రెండుసార్లు వెళ్ళొచ్చు మీరు."

మామగారు దిమ్మ మీద అరచెయ్యి ఆనించి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వారు. "దీనికి ఒక్క వేటు వేస్తే చాలురా!"

అల్లుడు ప్యాంటు పైకి లాక్కుని కింద కూర్చుని, రెండు చేతులతో బల్ల కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

"ఊఁ. కానివ్వండి మామయ్యా."