వాకిట్లో అరిచిన ఎమ్మెల్యే

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. చిత్తూరులో కలెక్టరు బంగళాలో నేను వంటచేసే రోజులవి. ఆ కరువు ఏడు పూతలపట్టు దగ్గరున్న మా ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి. నీళ్ల లారీ కావాలని మావాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఎమ్మెల్యే, వాకిట్లోనే కలెక్టరు మీద అరిచాడు. కలెక్టరు లోపలికి వెళ్లిపోయాడు. ఇక లారీ రాదని నాకు ఏడుపొచ్చింది.

జనం వెళ్లాక ఎమ్మెల్యే లోపలికొచ్చాడు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను.

"ఏమనుకోవద్దు సార్, శానా అరిసినాను."

కలెక్టరు నవ్వాడు. "ఇంకా గట్టిగా అరుస్తారనుకున్నానండీ. జనం వచ్చి నిలదీశారని రాస్తేనే హైదరాబాదులో లారీకి ఒప్పుకుంటారు."

"అట్లయితే రేపూ వస్తా. మజ్జిగ మాత్రం ఉండాల!"

మర్నాడూ వచ్చి అరిచాడు. ఈసారి నేను ఏడవలేదు, మజ్జిగ చిలుకుతూ విన్నాను. నాలుగోనాటికి మా ఊరికి లారీ వచ్చింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ బిందెలు ఎప్పుడూ నిండుగా ఉండాలి.