తన సంతకాన్ని తానే వెనక్కి తీసుకున్న విశాలాక్షి గారు

లోహశాస్త్ర ఆచార్యులు విశాలాక్షి గారు మొన్న గురువారం ఉదయం గుంటూరులో కన్నుమూశారు. నల్లపాడు స్టేషన్లో రైలెక్కబోతూ ఆ దుర్వార్త విని, ఎక్కకుండా ఆమె ఇంటికి బయల్దేరాను.

అల్యూమినియంలో జింకు, మెగ్నీషియం కలిపి ఉక్కుతో పోటీపడే బలం తేవడం, ఆ బలం తుప్పుకు ఎక్కడ లొంగుతుందో కనిపెట్టడం ఆమె జీవితకాల సాధన. "ఎంత బరువు మోస్తుందని అందరూ అడుగుతారు. దేనికి ఓడిపోతుందో మనం అడగాలమ్మా" అనేవారు.

నేను ఆమె వద్ద పరిశోధన చేస్తున్న రోజుల్లో, మిరప చేలకు మందుకొట్టే పంపుల కంపెనీ ఒకటి తన కొత్త లోహాన్ని ఆమె చేత పరీక్ష చేయించుకుంది. బాగుందని ఆమె సంతకం చేశారు. మరుసటి ఏడే పర్చూరు దగ్గర శేషయ్య అనే రైతు చేతిలో ఆ పంపు పేలి, రెండు వేళ్లు పోయాయి. వాడకంలో లోపమని కంపెనీ తేల్చేసింది. ఆమె పట్టుబట్టి ఆ ముక్కలు తెప్పించారు.

నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది నేనే. లోహపు రేణువుల హద్దుల వెంట సన్నని పగుళ్లు పాకి ఉన్నాయి. "మీరే చూడండి మేడమ్" అన్నాను. చాలాసేపు చూశారు. "రాగి కలిసిన తెగుళ్ల మందు దీన్ని తినేసింది. నేను మంచినీళ్లతోనే పరీక్షించాను" అన్నారు మెల్లగా.

ఆ సంగతి ఆమె కంపెనీకి రాయగానే అధికారి ఒకాయన పరుగున వచ్చాడు. "సంతకం వెనక్కి తీసుకుంటే మీ పేరే పోద్ది మేడమ్."

"పోనీండి. ఇంకొకరి చెయ్యి పోకూడదు."

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని శేషయ్య ఇంటికి వెళ్లారు.

"పంపు కడగలేదని నాదే తప్పన్నారండీ" అన్నాడాయన, కట్టు కట్టిన చేతిని కండువా కింద దాచుకుంటూ.

"కడిగినా పగిలేదే శేషయ్యగారూ. తప్పు మీది కాదు, నాది" అంటూ చేతులు జోడించారు.

ఆయన కంగారుగా లేచాడు. "అంత మాటెందుకండీ! నాది కాదన్నారు, అది చాలు. ఇంట్లోవాళ్లు కూడా నన్నే అంటున్నారు." ఆ మాట విని ఆమె కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కంపెనీ ఆ పంపులన్నీ వెనక్కి తీసుకోక తప్పలేదు. కానీ ఆ కంపెనీ వాళ్లు మరే పరీక్షకూ ఆమె గడప తొక్కలేదు.

నిన్న ఒక నివేదిక ముగించి, అలవాటుగా ఆమెకు పంపబోయి ఆగిపోయాను. "ఏం పరీక్షించలేదో అది కూడా రాశావా?" అని అడిగే ఆ గురుమూర్తికి కన్నీటితో ప్రణమిల్లుతున్నాను. ఆ ప్రశ్న ఇక నన్నెవరూ అడగరు.