మామూ కట్టిన పాట

మొన్న ఆత్మకూరు బస్టాండులో నా పక్కన కూర్చున్నామె సెల్‌ఫోను మోగింది. ఆ బాణీ వినగానే నా బస్సు కదిలిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

డెబ్బైలలో ఉదయగిరిలో మా మేనమామ, మేమంతా మామూ అనేవాళ్లం, పెళ్లిళ్లకు బ్యాండు నడిపేవాడు. వయసులో పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ల బ్యాండులో కార్నెట్ బూర ఊది వచ్చిన మనిషి, ఆ సెల్‌ఫోను బాణీ ఆయన అక్కడ నేర్చుకొచ్చి మాకు ఊది వినిపించిందే. దాన్ని కట్టిన ఫ్రెంచి ఆయన కథ మాకెన్నిసార్లు చెప్పాడో! చిన్నప్పుడే దిట్ట అనిపించుకున్నా పొట్టకూటికి ఇతరుల పాటలు వాద్యాలకు సర్దిపెడుతూ బతికాడట, ప్రాణం పెట్టి కట్టిన సంగీత నాటకాన్ని జనం ఛీకొడితే నెలలు తిరక్కుండానే, నడివయసైనా రాకుండా పోయాడట, ఆ తర్వాత లోకమంతా అదే పాడుకుందట.

మామూ కూడా ఒక పాట కట్టాడు. రెండేళ్లు పట్టింది. బ్యాండులోని మా ఎనిమిది మందికీ ఎవరి వంతు వాళ్లకు నోటితోనే నేర్పాడు, అసలు పాట తన కార్నెట్‌లోనే ఉంచుకున్నాడు. కాగితం మీద పెట్టమంటే, “రాసిపెడితే ఇంకో బ్యాండోడు ఎత్తుకపోతాడ్రా” అన్నాడు. అప్పటి బ్యాండ్లన్నిటికీ ఆ భయం ఉండేదని మన ఈడువాళ్లకు తెలుసు.

చేజర్లలో ఒక పెద్దరైతు ఇంటి పెళ్లి ఊరేగింపులో దాన్ని మొదటిసారి ఎత్తుకున్నాం. నెమ్మదిగా సాగే పాట. నాలుగడుగులు పడ్డాయో లేదో పెళ్లికొడుకు అన్న ఎదురొచ్చి, “ఏందిరా ఈ ఏడుపు? పెళ్లికొచ్చినారా, పీనుగ కాడికొచ్చినారా? సినిమా పాట కొట్టండి!” అని అరిచాడు. జనం ఈలలు వేశారు. మామూ కళ్లు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. పక్కన క్లారినెట్ పట్టుకున్న నేను, పాతికేళ్లవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయి సినిమా పాట అందుకున్నాను. మిగతావాళ్లు నా వెంటే వచ్చేశారు. ఆయన కాసేపు ఒక్కడే ఊది కార్నెట్ దించేశాడు.

మళ్లీ ఆ పాట ఎత్తలేదు. ఎనభైలలో ఒక ఎండాకాలం కామెర్లతో మామూ పోయాడు. మా ముస్లింల జనాజాల వెంట వాద్యం ఉండదు, వట్టి చేతులతో మోసుకెళ్లాం. నలభయ్యో దినం ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు అందరం కూర్చుని ఎవరి వంతు వాళ్లం వాయించాం. డ్రమ్ము దరువు వచ్చింది, నా క్లారినెట్ వంత వచ్చింది. పాట మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా పాడారు, ఏదీ అది కాదు.

ఇప్పుడు బ్యాండ్లూ లేవు, నాతో వాయించిన ఆ ఏడుగురిలో ఎవరూ లేరు, ఊరేగింపు వెళుతుంటే డీజే హోరుకు ఇళ్ల కిటికీలు అదురుతున్నాయి. ఫ్రెంచి ఆయన్ను జనం ఛీకొట్టినా ఆయన రాసిన కాగితాలు మిగిలాయి. మామూ నమ్ముకున్నది మమ్మల్ని. ఎప్పుడైనా కళ్లు మూసుకుని ఆయన పాట కూనిరాగం తీయబోతాను. నాలుగడుగులు సాగుతుంది, అక్కడికి రాగానే నా నోటికి ఆ సినిమా పాటే వస్తుంది.