నేను కలిపి చదివిన చావు

పోయిన ఆదివారం మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో మనవరాలు ఇంకా నిద్ర లేవకముందే, తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి పోయినట్టు, దాని బల్ల మీదున్న నవల తీసి చదవడం మొదలుపెట్టాను. "వద్దవ్వా, అది ఎక్స్‌ట్రీమ్ హారర్, నీ టైప్ కాదు" అని ముందురోజే చెప్పింది. దయ్యాల కథలు వింటూ చదువుతూ పెరిగినదాన్ని, నాకు చెప్పొచ్చిందమ్మా అని నా పౌరుషం నాది. నలభై పేజీలు తిరిగేసరికి ఆరుగురు చచ్చారు. ఎవరెవరో, ఎందుకు చస్తున్నారో ఊసే లేదు. కత్తి ఎక్కడ దిగింది, ఎంత లోతుకు దిగింది, లోపలినుంచి ఏమేం బయటికొచ్చాయి, అంతే కథ. భయం వేయలేదు సరికదా విసుగొచ్చింది, విసుగు కాస్తా కోపమైంది. ఏడో చావు పన్నెండేళ్ళ ఆడపిల్లది. ఆ పేజీ పూర్తి చేయలేక పుస్తకం మూసేశాను. కాఫీ కలుపుకుంటూ ఉంటే అర్థమైంది, ఆ కోపం రాసినవాడి మీద మాత్రమే కాదని.

నా ఈడువాళ్ళకు వారపత్రిక సీరియల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురంలో మాది నాలుగు మరమగ్గాలున్న ఇల్లు. అవి ఆడుతున్నంతసేపూ పక్క మనిషి మాట కూడా వినబడదు. మధ్యాహ్నం పూట కరెంటు పోతే మాత్రం ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయేది, అప్పుడు మా ఇంటి ఆడవాళ్ళూ ఇరుగుపొరుగూ చేతి రాట్నాల మీద నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చుని, మధ్యలో నన్ను కూర్చోబెట్టి పత్రిక చేతికిచ్చేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడికి పోయినవాళ్ళకు వచ్చింది కన్నడ అక్షరాలు, పోనివాళ్ళకు ఏవీ రావు. తాత పట్టుబట్టి నేర్పించడం వల్ల తెలుగు తడుముకోకుండా చదవగలిగింది నేనొక్కదాన్నే. పన్నెండేళ్ళదాన్ని, పిట్ట కొంచెం కూత ఘనం అని మేనత్త వెక్కిరించేది.

అప్పట్లో వస్తున్న సీరియల్లో ఒక మూసిన గది, లోపల గాజుల చప్పుడు. నెలలు గడిచినా ఆ తలుపు తెరిచిన పాపాన పోలేదు. సరిగ్గా ఎవరో గడియ మీద చెయ్యి వేసేసరికి కరెంటు వచ్చేది, మగ్గాలు మొదలయ్యేవి, అందరూ కొంగులు దులుపుకుని లేచేవారు, మిగిలిన భయం ఎవరింటికి వాళ్ళు పట్టుకుపోయేవారు. అందరికంటే ముందు వచ్చి నాకెదురుగా కూర్చునేది మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ. భయమైన చోట రాట్నం తిప్పే ఆమె చెయ్యి ఆగిపోయేది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఊరుకోవాలో నేను ఆ చేతిని చూసే నేర్చుకున్నాను.

పత్రిక మా చేతికి వచ్చేటప్పటికి నాలుగిళ్ళు తిరిగేది. ఒక వారం సీరియల్ చివరి పేజీని ఎవరో చింపుకున్నారు. చదువుతూ చదువుతూ అక్కడికి వచ్చాకగానీ నేను చూసుకోలేదు. వారం రోజులుగా ఎదురుచూస్తున్న వాళ్ళకు పేజీ లేదని చెప్పడానికి నోరు రాలేదు, నా గొప్ప నాకుంది కదా, అందుకని సబ్బు ప్రకటన మీద కళ్ళు పెట్టి సొంతంగా చదివేశాను. ఆ తలుపు తెరిపించాను. లోపల ఒక ఆడపిల్లను పెట్టాను, దాని జడ మగ్గం బెల్టులో చిక్కుకుంది అన్నాను, ఆ తర్వాత ఏమైందో నెత్తురుతో సహా వివరంగా చెప్పుకుంటూ పోయాను. చిన్నమ్మ చెయ్యి ఆగింది. భయపడిందనుకుని ఇంకాస్త కలిపాను.

చిన్నమ్మకు ఒక కూతురు ఉండేది. నా అయిదో ఏట, పక్క వీధి మగ్గాల కొట్టంలో అలాగే పోయింది. పెద్దవాళ్ళు మా ముందు ఆ మాట ఎత్తేవారు కాదు, పిల్లదాన్ని నాకేం తెలుసు అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. నాకు తెలుసు. తలుపు చాటున విన్నాను, ఆ రోజు ఏం చెప్పాలో తోచక విన్నదాన్నే వాడుకున్నాను.

నేను ఆపాను. చిన్నమ్మ మెల్లగా అడిగింది. "ఆ పిల్లకి పేరు లేదా అమ్మీ? దాని తల్లి యాడుండాదని రాసినారు?" రాయలేదు చిన్నమ్మా అన్నాను. ఆమె రాట్నం ఎత్తుకుని వీధి అరుగు మీదికి పోయింది.

తిట్టలేదు, ఎవరితోనూ అనలేదు, మరునాడు ఎప్పటిలాగే పిలిచి బొరుగులూ బెల్లమూ పెట్టింది. కాని మళ్ళీ ఎన్నడూ నా చదువు వినడానికి కూర్చోలేదు. కరెంటు పోతే చాలు, రాట్నంతో ఎండలోకి వెళ్ళిపోయేది. ఆమె లేని ఆ చోటు చూడలేక పత్రికలోంచి తల ఎత్తకుండా చదివేదాన్ని. పెళ్ళయి బెంగళూరు వచ్చాక కూడా ఊరికి వెళ్ళినప్పుడల్లా ఈసారి ఒప్పేసుకుందామనుకునేదాన్ని, ఆమె నవ్వు ముఖం చూశాక ధైర్యం చాలేది కాదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట నాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్ళది, ఎవరి గది వాళ్ళది. మనవరాలు చెవుల్లో ఏవో పెట్టుకుని బస్సులో నిలబడి ఇలాంటి కథలే వింటుందట, పక్కన ఉన్నవాళ్ళకు కూడా తెలియదు. రాసేవాళ్ళ ముందు చదివేవాళ్ళు లేరు, చదివేవాళ్ళ ముందు వినేవాళ్ళు లేరు. ఎదురుగా ఎవరూ కూర్చుని లేరు కాబట్టే అంత నెత్తురు ఒలకబోయగలుగుతున్నారని ఆ రచయితను తిట్టుకుందామనుకున్నాను, కాని నోరు రావడం లేదు. నాకు ఎదురుగా ఆ పిల్ల తల్లే కూర్చుని ఉంది, అయినా నేను చదివాను.